‘ఆవును తీసేస్తే?’ – డాక్టర్ రోస్‌విటా కెర్న్ గారికి వీడ్కోలు వేళ

1989 అక్టోబరు 2, సోమవారం ఉదయం, భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకుని ఇంకా ఏడాది తిరగని డాక్టర్ రోస్‌విటా కెర్న్ గారు, మ్యూనిక్ నగరంలో ఈజార్ నది ఒడ్డునున్న మన బ్రూనర్-హోల్ట్ పేటెంట్ అటార్నీల సంస్థలో శిక్షణార్థిగా అడుగుపెట్టారు. ఆనాడు ఆమె వెంట తెచ్చుకున్నవి ఒక నల్ల గొడుగు, ఒక తోలు సంచీ, ఏ విషయాన్నైనా తాను పొల్లుపోకుండా చెప్పగలనన్న నమ్మకం. గొడుగు ఈనాటికీ గుమ్మం పక్కన వేలాడుతూనే ఉంది. నమ్మకం మాత్రం మొదటి వారంలోనే పోయింది.

మన దేశంలో పేటెంట్ అటార్నీ కావాలంటే ముందు విజ్ఞానశాస్త్రంలోనో ఇంజనీరింగులోనో పట్టభద్రులై ఉండాలి. ఆ తరువాత ఒక అనుభవజ్ఞుడి దగ్గర కూర్చుని చట్టాన్ని మొదటినుంచి నేర్చుకోవాలి. అందువల్ల శాస్త్రవేత్తలు మనల్ని వకీళ్లంటారు, వకీళ్లు మనల్ని శాస్త్రవేత్తలంటారు, ఇంట్లోవాళ్లు రెండూ నమ్మరు. బాంబెర్గ్‌లో ఉన్న కెర్న్ గారి తల్లి ప్రతి ఆదివారం ఫోను చేసి, “అంత చదువూ చదివి ఎవరో కనిపెట్టినదాన్ని ఎత్తి రాసే పనా నీది? ప్రొఫెసరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లిపోరాదూ?” అని అడిగేవారట. కూతురు మాట మార్చేసేవారు.

ఆమెకు గురువుగా దొరికినవారు మన సంస్థ వ్యవస్థాపకులు, కీర్తిశేషులు డాక్టర్ ఎగాన్ బ్రూనర్ గారు. గొంతు పెంచి ఒక్క మాట అని ఎరుగని మనిషి. ఆయన చేతిలోని పెన్సిలును చూసి మాత్రం కార్యాలయమంతా వణికేది. ఒక కొత్త వస్తువుకు దరఖాస్తు రాసేటప్పుడు, ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో వివరించిన తరువాత, ‘ఇంతవరకు నాది’ అని గీత గీసే ఒకే ఒక్క వాక్యం రాయాలి. దాన్నే మనం క్లెయిమ్ అంటాం. కనిపెట్టినవాడి హక్కు మొత్తం ఆ వాక్యంలోనే ఉంటుంది. అందులో ఏ వివరం చేర్చినా, ఆ వివరం ఒక్కటి మార్చి మిగతాదంతా కాజేసేవాడికి మనమే దారి చూపినట్టవుతుంది. కెర్న్ గారు ప్రయోగశాలలో నేర్చుకున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. లోహమేదో, మందం ఎంతో, మర ఎన్ని చుట్లు తిరగాలో, అన్నీ రాసేసేవారు. బ్రూనర్ గారు చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చేవారు.

“కెర్న్ గారూ, ఇది చాలా బాగుంది. ఏదైనా శాస్త్ర పత్రికకు పంపండి. నాకు మాత్రం ఇంకొకటి రాసివ్వండి.”

ఇలా దాదాపు ఏడాది గడిచింది. 1990 వేసవి చివరికి పరిస్థితి మరీ విషమించింది. ఆమె ప్రొఫెసరు గారు తన ప్రయోగశాలలో ఖాళీ అయిన ఉద్యోగాన్ని అక్టోబరు వరకు ఆమె కోసం ఆపి ఉంచుతానని కబురు పంపారు. సెలవు మీద కొండల్లో నడకకు బయలుదేరుతూ బ్రూనర్ గారు కూడా గుమ్మంలో ఆగి, “మీకు ఈ పని రాదని నేననను. వచ్చిందని చెప్పే రోజు మాత్రం ఇంకా రాలేదు. నేను తిరిగొచ్చేలోగా ఉంటారో వెళ్తారో తేల్చుకోండి” అన్నారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడి, ఆ రాత్రి ఉద్యోగానికి ఒప్పుకుంటూ ప్రొఫెసరు గారికి ఉత్తరం రాసి సంచీలో పెట్టుకున్నారు. పోస్టు చేయడం ఒక్కటే మిగిలింది.

అప్పటికి ఆమె బల్ల మీద ఉన్నది మాగ్నుస్ బేస్లర్ అనే ఆయన వ్యవహారం. ఆల్గాయ్ కొండల కింద ఓబర్‌మూస్ అనే పల్లెలో ఆవుల మెడపట్టీలు, గుర్రపు జీనులు కుట్టే తోలుపనివాడు. మునుపటి వేసవిలో కొండ మీద మేస్తున్న ఒక ఆవు మెడపట్టీ కంచెకు తగులుకుని, ఆవు ఉరిపడి చచ్చిపోయింది. పట్టీ ఆయన కుట్టిందే. వేసవి మేత ముగించి మంద కొండ దిగే రోజు అక్కడ పెద్ద పండుగ, కాని మందలో ఒక్క పశువు పోయినా ఆ ఏడు ముందు నడిచే ఆవుకు పూలకిరీటం పెట్టరు. పండుగలా దిగవలసిన మంద చడీచప్పుడు లేకుండా ఊళ్లోకి దిగింది. ఎవరూ మాగ్నుస్‌ను పల్లెత్తు మాట అనలేదు గాని, ఆయన ఆ చలికాలమంతా కొట్టు తలుపు వేసుకుని కూర్చుని, దేనికైనా తగులుకుంటే తనంతట తానే విడిపోయే ఇత్తడి బకిల్ ఒకటి తయారుచేశాడు. దానికి కెర్న్ గారు రాసిన చిత్తుప్రతిలో ఇత్తడి, స్ప్రింగు, కొలతలు, ఏదీ తప్పిపోలేదు. బ్రూనర్ గారు వెళ్లేముందు దాన్ని కూడా వెనక్కి ఇచ్చారు.

సెప్టెంబరు 15, శనివారం ఉదయం, స్ప్రింగు మందం మరోసారి సరిచూసుకుందామని కెర్న్ గారు ఓబర్‌మూస్‌కు ఫోను చేశారు. ఎత్తింది మాగ్నుస్ భార్య వాల్బుర్గా.

“ఆయన ఇంట్లో యాడున్నాడమ్మా? ఆవుకి కిరీటం కడతన్నాడు. ఈ ఏడు ఒక్క గొడ్డూ పోలా. ఇయ్యాల మంద దిగతంది.”

“మరి బకిల్ ఎక్కడుంది?”

“ఆవు మెడకేగా! ముందు నడిచేదానికే కట్టాడు. ఊరు ఊరంతా చూడాలంట.”

కెర్న్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొత్త వస్తువు ప్రజల కంట పడిన రోజు దాటితే దాని కొత్తదనం పోయినట్టే. ఆ తరువాత ఎంత గొప్ప దరఖాస్తు పెట్టినా చెల్లదు. ఇతర దేశాల సంగతి ఎలా ఉన్నా, మన చట్టం ఈ విషయంలో కనిపెట్టినవాడి మీద కూడా జాలి చూపదు.

“అమ్మా, ఆ ఆవును ఆపించండి. దయచేసి.”

“ఆపేదెవురమ్మా? కొండ మీద నుంచి మంద వస్తంటే అడ్డం నిలబడమంటావా నన్ను? నా వొయసు తెలుసా నీకు?”

ఉన్న దారి ఒక్కటే. ఆ రోజు ముగియకముందే దరఖాస్తు ప్రభుత్వ పేటెంట్ కార్యాలయానికి చేరితే, అదే రోజు ఎంతమంది చూసినా బాధ లేదు. గురువు గారు ఏ కొండ మీద ఉన్నారో తెలియదు. శిక్షణార్థికి అటార్నీగా సంతకం పెట్టే అధికారం లేదు. కనిపెట్టినవాడు తన దరఖాస్తు తానే పెట్టుకోవచ్చని గుర్తొచ్చి, చిత్తుప్రతిని సంచీలో పడేసుకుని ఆమె రైలు పట్టుకున్నారు. ప్రొఫెసరు గారికి రాసిన ఉత్తరం కూడా అందులోనే ఉంది.

ఆమె ఊళ్లోకి చేరేసరికి వీధికి ఇరువైపులా జనం కిక్కిరిసి ఉన్నారు. బీరు గుడారం ముందు ఊరి బ్యాండువాళ్లు వాయిస్తున్నారు. కిరీటం పెట్టుకున్న ఆవు, మెడలో కుండంత గంటతో, పెళ్లికూతురి మేనత్తలా దర్జాగా నడిచి వస్తోంది. గుడారం దగ్గరకు రాగానే ఏం తోచిందో పక్కకు తిరిగి, ఎవరి పళ్లెంలోదో సలాడు అందుకోబోయింది. మెడపట్టీ గుడారపు ఇనుప మేకుకు తగులుకుంది. ఆవు తల విదిలించింది. పట్టీ విడిపోయింది, గంట దొర్లుకుంటూ పోయి డోలు వాయించేవాడి కాళ్ల దగ్గర ఆగింది. ఊరంతా ఒకటే నవ్వు.

“మాగ్నూసూ! పట్టీ కుట్టావా, పూలదారం కట్టావా?” అని ఎవరో అరిచారు.

మాగ్నుస్ గుడారంలో ఒక బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. కెర్న్ గారు వెళ్లి ఎదురుగా కూర్చున్నారు.

“అయిపోయిందమ్మా. ఊరంతటి ముందూ పరువు పోయింది. ఆ ఇత్తడిదుంటే ఇట్టా జరిగేది కాదు.”

“ఇత్తడిది కాదా అది?”

“స్ప్రింగు పొద్దున్నే విరిగిపోయిందిగా! ఇంకేం చేసేది? కొమ్ముముక్క ఒకటి చెక్కి పెట్టా, ఈ పూటకి గడిచిపోద్దిలే అని.”

ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పడేశాడు: చూపుడువేలంత కొమ్ముముక్క. ఇత్తడి లేదు, స్ప్రింగు లేదు. ఆమె సంచీలో ఉన్న పేజీలన్నీ ఇత్తడి గురించి, స్ప్రింగు గురించి. ఆ పేజీలను అలాగే పంపి ఉంటే, ఆయన స్వయంగా ఆవు మెడకు కట్టినదానికే ఆ హక్కు వర్తించేది కాదు. మేకు వైపు ఒకసారి, ఏమీ ఎరగనట్టు సలాడు నములుతున్న ఆవు వైపు ఒకసారి చూశారామె.

“మాగ్నుస్ గారూ, ఆవుకేమైనా అయిందా?”

“దానికేమవుద్ది? నిక్షేపంగా మేస్తంది.”

“పోయినేడు ఇదే జరిగితే?”

మాగ్నుస్ తలెత్తాడు.

“చెయ్యాల్సిన పని చేసిందండీ అది! అందరూ నవ్వుతున్నారు గాని, మీ బకిల్ పనిచెయ్యడం ఇప్పుడు ఊరంతా చూసింది.”

“కొమ్ముతో ఎట్టా చేసిద్దమ్మా? స్ప్రింగు లేకుండా ఎట్టా?”

అది ఆయనకు తెలియదు. భౌతికశాస్త్రం చదివిన అమ్మాయికి, అప్పుడు మాత్రమే, తెలిసింది. గంట బరువు కిందికి లాగుతున్నంతసేపు ఆ ముక్క బిగిసి ఉంటుంది. మరేదైనా అడ్డంగా లాగితే జారి వదిలేస్తుంది. తాళం వేస్తున్నది స్ప్రింగు కాదు, గంట బరువే. లోహం ఏదైనా ఒకటే, అసలు లోహం లేకపోయినా ఒకటే. ఇన్నాళ్లూ చదువు తనకు అడ్డమనుకున్నారు గాని, వంద వివరాల వెనక పనిచేసే ఒక్క సూత్రాన్ని పట్టుకోవడం కూడా ఆ చదువే నేర్పిందని ఆమెకు అక్కడే అర్థమైంది.

పాత చిత్తుప్రతి వెనక వైపున కొత్తది రాయడం మొదలుపెట్టారు. పక్కన వాల్బుర్గా బీరు గ్లాసులు కాగితాల మీదికి జరగకుండా కాపలా కాసింది. మాగ్నుస్ ఆ ఒక్క వాక్యం చదివి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“ఇంతేనా? మరి నా ఇత్తడేదమ్మా? చలికాలమంతా పోత పోశానే!”

“ఇత్తడి సంగతి కింద, రెండో క్లెయిమ్‌లో ఉంది లెండి. పైన మాత్రం వద్దు.”

“వద్దులేవయ్యా,” అంది వాల్బుర్గా, “ఇరిగిపోయేదాన్ని పైన ఎవురు పెడతారు?”

ఊరి చీజు తయారీశాలలో ఒక ఫ్యాక్స్ యంత్రం ఉంది. పాలవాళ్లు పండుగలో ఉన్నారు. వాల్బుర్గా తమ్ముడి దగ్గర తాళంచెవి దొరికింది. మాగ్నుస్ తన పేర తానే సంతకం పెట్టాడు. సాయంత్రం ఎండ ఇంకా కొండల మీద ఉండగానే కాగితాలు మ్యూనిక్ చేరినట్టు యంత్రం రసీదు కక్కింది. తిరుగు రైలు కోసం నిలబడ్డచోట ఒక పోస్టు డబ్బా ఉంది. ఆమె సంచీ తెరవలేదు.

సెలవు నుంచి తిరిగొచ్చిన బ్రూనర్ గారు ఆ దరఖాస్తును రెండుసార్లు చదివారు. పెన్సిలు తీశారు. ‘ఆవు మెడకు కట్టు పట్టీ’ అన్న మాటల కింద ఒక గీత గీశారు.

“కెర్న్ గారూ, ఆవును తీసేస్తే?”

ఆమె నిర్ఘాంతపోయారు. “ఆవును ఎలా తీస్తామండీ? అంతా ఆవు కోసమే కదా!”

“బకిల్ పనిచెయ్యడానికి ఆవు కావాలా?”

“అక్కర్లేదు. బరువేదైనా సరిపోతుంది. కానీ పంపించేశాక కొత్తగా ఏమీ చేర్చకూడదు కదా.”

“చేర్చక్కర్లేదు. మీరే రాశారు, ఇదిగో.” వివరణలో ఆమె రాసిన ఒక వాక్యం మీద వేలు పెట్టారాయన. ‘ఈ పట్టీ డోలు వంటి వేలాడే బరువు దేనికైనా పనికివస్తుంది.’ “ఈ డోలు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“రాస్తున్నప్పుడు ఎదురుగా బ్యాండువాడు నిలబడ్డాడండీ. అతని డోలు పట్టీ చూసి రాశాను.”

బ్రూనర్ గారు పెన్సిలు కింద పెట్టారు. “డోలు ఉంది. కాబట్టి ఆవు వెళ్లిపోవచ్చు. మీరు మాత్రం ఉండండి” అన్నారు. గురువు గారి నోట ఆమె విన్న ప్రశంస ఇదొక్కటేనట. రెండోది అవసరం పడలేదంటారు. ఆ సాయంత్రం ప్రొఫెసరు గారికి వేరే ఉత్తరం వెళ్లింది. బాంబెర్గ్ నుంచి ఆదివారం ఫోను వచ్చినప్పుడు, “అమ్మా, నాది ఎత్తి రాసే పని కాదు, తీసేసే పని” అని చెప్పారట. తల్లికి అర్థం కాలేదు, అయినా మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

తదనంతరం ఆమె ప్రస్థానం మనందరికీ తెలిసినదే. ప్రభుత్వ పేటెంట్ కార్యాలయంలోను, పేటెంట్ న్యాయస్థానంలోను శిక్షణ ముగించుకుని, 1993లో అటార్నీగా ప్రమాణం చేశారు. ఐరోపా స్థాయి అర్హతను కూడా సంపాదించి, 1998లో మన సంస్థలో తొలి మహిళా భాగస్వామి అయ్యారు. మైనపు వత్తుల నుంచి ఉపగ్రహాల దాకా ఆమె చేతి మీదుగా వెళ్లని వస్తువు అరుదు. 2003లో పేరుమోసిన ఒక కుక్కపట్టీల కంపెనీ మాగ్నుస్ పద్ధతిని ప్లాస్టిక్‌లో అచ్చు గుద్ది, ఇది కుక్కలకు గదా, ఆవులకు కాదు గదా అని న్యాయస్థానంలో వాదించింది. కెర్న్ గారు లేచి, ఆ క్లెయిమ్‌లో ఆవు ఎక్కడుందో చూపించమని ఎదుటి పక్షాన్ని సవినయంగా కోరారు. వారు వెతికారు. తీర్పు మాగ్నుస్‌కు అనుకూలంగా వచ్చింది. ఆ మర్నాడు దంపతులిద్దరూ ఒక పెద్ద చీజు చక్రం మోసుకుంటూ వచ్చి, దానితోపాటు ఆనాటి కొమ్ముముక్కను ఆమె బల్ల మీద పెట్టి వెళ్లారు. చీజు వారంలో అయిపోయింది. కొమ్ముముక్క మొన్నమొన్నటిదాకా అక్కడే ఉంది.

అయితే ఆమె అసలు కృషి ఈ విజయాల్లో కాక, ఆమె చేతికింద తయారైన మనుషుల్లో ఉందని ఈ కార్యాలయం అభిప్రాయం. విశ్వవిద్యాలయాల నుంచి నేరుగా వచ్చి, తమ మొదటి చిత్తుప్రతి వెనక్కి రాగానే బాత్రూములోకి వెళ్లి ఏడ్చిన రసాయన, జీవ, భౌతికశాస్త్ర పట్టభద్రులందరికీ ఆమె ఒకటే పరీక్ష పెట్టేవారు: శుక్రవారం ఉదయం ఉపాహారం బల్ల మీద ఉన్న బ్రెట్సెల్‌కు, అంటే ముడివేసి కాల్చిన ఉప్పురొట్టెకు, క్లెయిమ్ రాయాలి. రాసినదాన్ని అందరి ముందూ ఆమె మాట మాటగా ఊడదీసేవారు. ఇప్పుడు మన భాగస్వామిగా ఉన్న జీవరసాయన శాస్త్రవేత్త డాక్టర్ ఎలిఫ్ తుంచ్ గారు మొదటి శుక్రవారం పడిన పాట్లు చూసినవారు ఇంకా మరచిపోలేదు.

“ఉప్పు తీసేస్తే?”

“ఎవరు తింటారండీ దాన్ని?”

“తినేవాళ్ల సంగతి అడగలేదు. అది బ్రెట్సెలేనా, కాదా?”

“బ్రెట్సెలే.”

“గోధుమపిండి తీసేస్తే?”

ఎలిఫ్ గారు “అన్నీ మీరే తీసేస్తే నాకు మిగిలేది ముడి ఒక్కటే కదండీ!” అని విసుక్కున్నారు. కెర్న్ గారు లేచి ఆ బ్రెట్సెల్‌ను ఆమె పళ్లెంలో పెట్టారు. “అదే రాయండి” అన్నారు.

ఈ గుణానికి ఇంకో పార్శ్వం కూడా ఉందని, అభినందన వ్యాసం కదా అని దాచకుండా, చెప్పక తప్పదు. పుట్టినరోజు కార్డు మీద ‘హార్దిక శుభాకాంక్షలు’ అని రాస్తే, హార్దిక తీసేస్తే ఏం పోతుందని అడిగే మనిషి ఆమె. సభల్లో ఎవరైనా దీర్ఘంగా ప్రసంగిస్తుంటే ఆమె వేళ్లు పెన్సిలు కోసం వెతుక్కోవడం అందరం గమనించాం. ఈ వ్యాసం చదువుతున్నప్పుడు కూడా అవి వెతుకుతూనే ఉంటాయి.

ఈ ఏడు సెప్టెంబరు 30న, ఆఖరి రోజు, ఆమె బల్ల ఖాళీ చేశారు. కొమ్ముముక్కను తీసుకెళ్లి ఎలిఫ్ గారి బల్ల మీద పెట్టారు. ఎలిఫ్ గారు దాన్ని ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మన అందరి తరఫున, మన అందరి మనసులో ఉన్న ప్రశ్నను ఆమే అడిగారు.

“మేడమ్, ఈ ఆఫీసులోంచి మిమ్మల్ని తీసేస్తే?”

కెర్న్ గారు తొందరపడలేదు. ఏ చిత్తుప్రతినైనా చదివినంత శ్రద్ధగా గదులన్నీ ఒకసారి చూశారు.

“పనిచేస్తుంది” అన్నారు. “పనిచెయ్యకపోతే ఇన్నేళ్లూ నేను మీకు నేర్పింది తప్పన్నమాట.”

తర్కంలో లోపం ఎవరికీ దొరకలేదు. అయినా ఎలిఫ్ గారు ఏడ్చారు, ఈసారి బాత్రూములోకి వెళ్లకుండా, అందరి ముందూ. కెర్న్ గారు తన నల్ల గొడుగును కొక్కెం మీదనే వదిలేసి, వానలో తడుస్తూనే ట్రాము ఎక్కారు. మరచిపోయారో, వదిలి వెళ్లారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరైనా దాన్ని వాడుకోవచ్చునని అందరం అనుకుంటున్నాం. ఎవరమూ తీయడం లేదు.

ఈ సంచిక కోసం ఆమెకు శుభాకాంక్షలు తెలుపుతూ కార్యాలయమంతా కలిసి మొదట ఒక పేజీ నిండా రాశాం. ఆమె దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే కూర్చుని, ఇది తీసేస్తే, అది తీసేస్తే అనుకుంటూ విశేషణాలన్నీ తీసేశాం, బిరుదులు తీసేశాం, ఆఖరికి మన సంస్థ పేరు కూడా తీసేశాం. చివరికి ఒక్క వాక్యం మిగిలింది:

రోస్‌విటా గారు ఆరోగ్యంగా, ఆనందంగా, నిండు నూరేళ్లు ఉండాలి.

ఎంత వెతికినా, ఇందులో తీసేయడానికి మాకు ఒక్క మాటా దొరకలేదు.